హెల్ప్‌లైన్ నంబర్ త్వరలో

"వంద రోజులు. సరిగ్గా వంద రోజుల్లో మన సినిమా బస్తీల్లో ఒక్కరంటే ఒక్కరికి కూడా ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన రాదు. డేట్ రాసుకోండి."

రాష్ట్ర మనోధైర్య మండలి చైర్మన్, క్యాబినెట్ హోదా కలిగిన కాశీవిశ్వనాథం గారు జూబ్లీహిల్స్‌లోని మండలి ఆఫీసులో ఈ ప్రకటన చేస్తే, విలేకరులు నిజంగానే డేట్ రాసుకున్నారు. ఎలా చేస్తారని మాత్రం ఎవరూ అడగలేదు. పదవిలోకి రాకముందు ఆయన పద్నాలుగు సినిమాలు తీసిన నిర్మాత. ముందు రిలీజ్ డేట్ ప్రకటించి, ఆ తర్వాత కథ వెతుక్కోవడం ఫిల్మ్ నగర్‌లో అందరూ పాటించే పద్ధతి. ఆ పద్ధతిని ప్రభుత్వంలోకి తెచ్చిన ఘనత ఆయనది. ఇంత దూరదృష్టి గల మనిషి మండలికి దొరకడం ప్రజల అదృష్టమని ఆయన పీఆర్వో సాయిశ్రీనివాస్ ప్రెస్ నోట్‌లో రాశాడు. ఆ నోట్ చదివి నిజంగా సంతోషపడిన మనిషి ఆ గదిలో ఒక్కరే. ఆమె పేరు నవత.

నవత ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివింది. మండలిలో లెక్కలు చూసే కాంట్రాక్టు ఉద్యోగం. పెళ్లయి ఇరవై రెండు రోజులైంది. ఈ ఇరవై రెండు రోజుల్లో ఆమెకు లోకంలో నచ్చనిదంటూ ఏదీ కనిపించలేదు. యూసుఫ్‌గూడలో రెండో అంతస్తులో రెండు గదుల పోర్షను, చెప్పిన టైముకు వచ్చే నల్లా నీళ్లు, మూత సరిగ్గా పట్టే కొత్త కుక్కరు, మొగుడు సృజన్. సృజన్ సినిమాలకు చప్పుళ్లు చేస్తాడు. తెర మీద హీరో నడిస్తే, ఫిల్మ్ నగర్‌లో ఒక మూసిన గదిలో సృజన్ ఇసుక ట్రేలో నడుస్తాడు. త్వరలో రాబోయే ఒక సినిమాలో హీరోయిన్ గాజుల చప్పుడంతా నవత గాజులదే. ఈ సంగతి ఆమె ఆఫీసులో అందరికీ రెండేసిసార్లు చెప్పింది.

చైర్మన్ గారి ప్రకటనను నమ్మడానికి నవత దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. ఆమె దగ్గర ఒక పట్టిక ఉంది.

ఆ పట్టిక కోసం ఆమె ఐదు నెలలు పోలీసుల రికార్డులు, ఆసుపత్రుల రికార్డులు ముందేసుకుని కూర్చుంది. 'ఆత్మహత్యలు: జనాభా ధోరణులు, నివారణలో వాటి ప్రాముఖ్యం' అని నివేదికకు పేరు పెట్టింది. చైర్మన్ గారు అట్ట మీద మొదటి మాట చూడగానే కళ్లు మూసుకున్నారు.

"అమ్మా, ఆ మాట వద్దు. నెగెటివ్. టైటిల్లో చావు ఉంటే మా దగ్గర డిస్ట్రిబ్యూటర్ ముట్టుకోడు."

"మరేం రాయమంటారు సార్?"

"ఆ సంగతి అని రాయి. జనానికి అర్థమవుతుంది."

ఆ రోజు నుంచి మండలి రికార్డుల్లో అది 'ఆ సంగతి' అయింది. ఒక ఫైలు మీద 'ఆ సంగతి: మగవారు' అనీ, ఇంకో ఫైలు మీద 'ఆ సంగతి: ఆడవారు' అనీ రాశారు. ఆ ఫైళ్లు పొరపాటున రెండుసార్లు కుటుంబ నియంత్రణ వాళ్లకు వెళ్లి తిరిగొచ్చాయి.

నివేదిక చదివే అలవాటు చైర్మన్ గారికి లేదు. ఆయన కథ వింటారు. సోఫాలో వెనక్కి వాలి, బూట్లు విప్పి, కళ్లు మూసుకుని, "చెప్పమ్మా. హీరో ఎవరు?" అన్నారు.

"హీరో లేడు సార్. ఎవరికి ఏమవుతుందో ఒక్కొక్క మనిషి గురించి మనం చెప్పలేం. ఒక్కొక్కరికి ఒక్క కారణం కూడా ఉండదు. కానీ ఏ పేటలో, ఏ వయసులో, ఏ నెలల్లో పెరుగుతోందో చెప్పగలం. అది తెలిస్తే అక్కడికి ముందే వెళ్లి కూర్చోవచ్చు."

"ఇంటర్వెల్ ఎక్కడ?"

నవత పదిహేడో పేజీ తీసింది. "ఇక్కడ సార్. మగవాళ్లు, ఇరవై నుంచి నలభై లోపు, రోజు పని మీద బతికేవాళ్లు, కృష్ణానగర్. షూటింగులు ఆగిన నెలల్లో చూడండి."

చైర్మన్ గారు ఒక కన్ను తెరిచారు. "ఇదేంటి, గీత పైకి పోతోంది?"

సాయిశ్రీనివాస్ వంగి చూశాడు. "బ్రహ్మాండమైన గ్రాఫ్ సార్. మూడో వారంలో కూడా కలెక్షన్లలో డ్రాప్ లేదు." ఇరవై ఏళ్లు సినిమా పీఆర్వోగా చేసినవాడు. పైకి వెళ్లే గీత కనిపిస్తే అభినందించడం అతని నోటికి అలవాటైన పని.

"వాళ్లు చనిపోయినవాళ్లండీ" అంది నవత.

"ఓహో." అతను ఏమాత్రం తడబడలేదు. "అయితే తగ్గించి వేద్దామా సార్? మామూలుగా మేం పెంచి వేస్తాం. ఇదీ అదే పని, వైపు మారుతుందంతే."

తగ్గించడం వద్దంది నవత. ఆ పేజీ ఉన్నదున్నట్టు ఉంచి, కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు పొద్దున్నే షూటింగ్ వ్యాన్ల కోసం నిలబడే చోట ఒక చిన్న గది ఇప్పించమంది. అందులో రెండు కుర్చీలు, మంచినీళ్లు, వినడం నేర్చుకున్న ఒక మనిషి. అదొక్కటే ఆమె కోరిక. పెళ్లి చూపుల్లో సృజన్‌తో మొదట మాట్లాడింది కూడా ఆ గది గురించే. అతను నలభై నిమిషాలు మధ్యలో మాట్లాడకుండా విన్నాడు. అందుకే చేసుకుంది.

చైర్మన్ గారు ఆలోచించారు. "వినేవాడికి డైలాగ్ ఏముంటుందమ్మా?"

"ఉండదు సార్. వింటాడు."

"అలాంటి క్యారెక్టర్‌ని ఎవరు చూస్తారు?" ఆయన ఈ మాట కోపంగా అనలేదు. నిజంగా బాధపడుతూ అన్నారు. తర్వాత ఎంతో ఉదారంగా దారి చూపించారు. ముందు ఇక్కడే, జూబ్లీహిల్స్ ఆఫీసు రెండో అంతస్తులో, హెల్ప్‌లైన్ పెడతారు. వంద రోజుల్లో కృష్ణానగర్ నుంచి కనీసం ముప్ఫై కాల్స్ వస్తే, అక్కడ గది. "డేటా ఏం చెబితే నేనది వింటాను. కాల్స్ వస్తే గది. రాసుకో సాయీ."

నవత ఆ రోజు ఇంటికెళ్లి పాయసం చేసింది. ముప్ఫై కాల్స్ ఎంతసేపు? ఆ పేట నుంచి ఒక్క వారం చాలు.

"అందరు ఫోన్ జేస్తరంటవా?" అన్నాడు సృజన్, గిన్నె అడుగు గీకుతూ.

"ఎందుకు చెయ్యరు? నంబర్ తెలిస్తే చేస్తరు."

వారం తిరిగేసరికి హెల్ప్‌లైన్ సిద్ధమైంది. నాలుగు ఫోన్లు, శిక్షణ పొందిన నలుగురు మనుషులు, వాళ్లు రాసినవన్నీ పట్టికలో వేయడానికి నవత. నగరమంతా పోస్టర్లు పడ్డాయి. ఒక అగ్ర హీరో ఆకాశంలోకి చూస్తున్నాడు. ఆయన భుజం మీద నుంచి చైర్మన్ గారు జనంలోకి చూస్తున్నారు. కింద బంగారు అక్షరాల్లో 'నేనున్నా' అని ఉంది. దాని కింద 'హెల్ప్‌లైన్ నంబర్ త్వరలో' అని ఉంది.

నవత పోస్టరును అటూ ఇటూ తిప్పి చూసింది.

"సాయిశ్రీనివాస్ గారూ, నంబర్ మర్చిపోయారు."

"ఇది ఫస్ట్ లుక్ మేడమ్. ఫస్ట్ లుక్‌లోనే అన్నీ చెప్పేస్తే ఇంకేముంటుందండీ? నంబర్ రివీల్ ఈవెంట్ వేరే ఉంది. హీరోగారు బటన్ నొక్కుతారు, పొగ వస్తుంది, నంబర్ వస్తుంది."

"ఎప్పుడు?"

"హీరోగారి డేట్స్ కోసం చూస్తున్నాం. ఆయన విదేశాల్లో పాట తీస్తున్నారు."

"అప్పటిదాకా ఫోన్లు ఎవరు చేస్తారండీ?"

"ఎవరూ చేయకూడదు మేడమ్. అదే కదా సస్పెన్స్."

నంబర్ ఎవరికీ చెప్పబోమని సెంటర్లో అందరిచేతా పన్నెండు పేజీల రహస్య ఒప్పందం మీద సంతకాలు చేయించారు. ఫోన్లు ఎత్తే నలుగురూ రోజూ పదింటికి వచ్చి, ఫోన్ల ముందు కూర్చుని, ఆరింటికి వెళ్లేవాళ్లు. వినడంలో వాళ్లకిచ్చిన శిక్షణ ఎంత గొప్పదంటే, ఏమీ వినపడకపోయినా శ్రద్ధగా వినేవాళ్లు. పాట షూటింగ్ వానల వల్ల వెనక్కి జరిగింది. రెండో పోస్టర్ 'నంబర్ అతి త్వరలో' అంది. యాభయ్యో రోజున అభిమానుల కోరిక మేరకు నంబర్లో మొదటి అంకెను విడుదల చేశారు. ఒక్క గంటలో రెండు లక్షల మంది ఆ అంకెను లైక్ చేశారు. రెండో అంకె ఏమై ఉంటుందని ఒక టీవీ ఛానెల్ చర్చ పెట్టింది.

నవత పట్టికలో రోజూ ఒక సున్నా వేసింది. ఎంత అందంగా వేసినా సున్నా సున్నాగానే ఉంది.

అరవయ్యో రోజు ప్రచార వీడియో పెట్టుకున్నారు. కథ చిన్నది. బాధలో ఉన్న ఒక యువకుడు ఫోన్ చేస్తాడు, హీరో గొంతు వినిపిస్తుంది, యువకుడు నవ్వుతాడు. బాధలో ఉన్న యువకుడి కోసం కృష్ణానగర్ నుంచి ఇరవై మంది జూనియర్ ఆర్టిస్టులను పిలిపించారు. దర్శకత్వం సాయిశ్రీనివాస్‌దే. వచ్చినవాళ్ల పేరు, వయసు రాసుకునే పని నవతకు అప్పజెప్పారు.

పదకొండోవాడి పేరు నవీన్. ఇరవై ఏడేళ్లు. శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చివరి షూటింగ్ ఎప్పుడని అడిగితే, "మూడు నెలలాయె మేడమ్, మార్కెట్ సీన్‌ల కూరగాయలు కొన్న" అని మర్యాదగా చెప్పాడు. కెమెరా ముందు నిలబెట్టారు. 'నాకీ లోకంలో ఎవరూ లేరు, నేను ఎవరికీ అక్కర్లేదు' అనే డైలాగ్ ఇచ్చారు. మెహదీపట్నం బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పాడు.

"ఏమయ్యా, బాధ ఏది?" అన్నాడు సాయిశ్రీనివాస్. "కళ్లల్లో నీళ్లేవి? గొంతులో జీర ఏది? నిజంగా బాధలో ఉన్నవాడు ఇలా ఉంటాడా?"

"ఉండడా సార్?" అని అడిగాడు నవీన్. తెలుసుకుందామనే అడిగాడు.

"ఉండడు. నెక్స్ట్."

పన్నెండోవాడు నేల మీద పడి దొర్లి ఏడ్చాడు. యూనిట్ మొత్తం చప్పట్లు కొట్టింది. మొదటి టేక్‌లోనే ఓకే అయింది. అతను లేచి దుమ్ము దులుపుకుని, భోజనం ఎక్కడ పెడుతున్నారని అడిగాడు.

చప్పట్లలో నవత కిటికీలోంచి బయటికి చూసింది. గేటు దగ్గర నవీన్ తన తెల్ల షూస్ విప్పి పక్కనున్నతనికి ఇస్తున్నాడు. "ఉంచుకో అన్నా, నీకు ఆడిషన్లకు పనికొస్తయ్. నాకింక పనిలేదు" అంటున్నాడు. ఇచ్చి, నవ్వి, వట్టి కాళ్లతో రోడ్డెక్కాడు.

నవత చేతిలో కాగితం చూసుకుంది. మగ. ఇరవై ఏడు. రోజు పని. కృష్ణానగర్. మూడు నెలలు. ఐదు నెలల పాటు తను అంకెలు నింపిన గడి ఒకటి గేటు దాటి చెప్పుల్లేకుండా నడిచి వెళ్తోంది. ఆమె పెన్ను అక్కడే పడేసి మెట్లు దిగి పరుగెత్తింది. కొత్త మెట్టెలు రాళ్లకు తగిలి టకటకలాడాయి.

కృష్ణానగర్ మలుపులో కొమురమ్మ టిఫిన్ బండి దగ్గర అతన్ని పట్టుకుంది. పట్టుకున్నాక ఏం చేయాలో, ఆ నలుగురితో పాటు తనూ కూర్చున్న శిక్షణలో చెప్పారు. మెల్లగా మొదలుపెట్టి, చివరికి సూటిగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. ఆయాసంలో నవత మెల్లగా అనే భాగం మర్చిపోయింది.

"తమ్మీ, నీకు చచ్చిపోవాలనిపిస్తుందా?"

అతను బండి మీద పొంగుతున్న పూరీ వైపు చూశాడు.

"ఇన్ని దినాలల్ల మీరే అడిగిండ్రు అక్కా. అందరు ఫొటోలు ఉన్నయా, బైక్ వస్తదా అని అడుగుతరు."

"అంటే అవుననా?"

"అవును." ఈసారి బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పలేదు.

కొమురమ్మ గరిటె పక్కన పెట్టింది. "రెండు దినాలాయె నువ్వు రాక. ఇయ్యాల గూడ రాకుంటే నీ రూముకు నేనే వద్దామనుకున్న. కూసో. ఆకలైతలేదా? కాకున్నా కూసో. బిడ్డా, నువ్వు గూడ కూసో, గా మెట్టెలు ఊడిపోయేటట్టున్నయ్."

అప్పుడు నవతకు ఒక విషయం అర్థమైంది. ఎవరు రెండు రోజులుగా తిండికి రాలేదో, ఎవరు ఉన్నట్టుండి అందరికీ దండాలు పెడుతున్నారో, ఎవరు గది ఖాళీ చేసి వస్తువులు పంచుతున్నారో అంతా కొమురమ్మకు తెలుసు. మండలి ఐదు నెలలు కష్టపడి తయారుచేసిన పట్టిక ఆమె తలలో ఎప్పటి నుంచో ఉంది. అదీ ఈ పూట వరకు సరిచేసి ఉంది.

ఆ మధ్యాహ్నం వాళ్లు ముగ్గురూ చాలాసేపు కూర్చున్నారు. నవీన్ మాట్లాడాడు, నవత వింది. నిజామాబాద్‌లో ఉన్న అతని అక్కకు ఫోన్ కలిపారు. ఆమె ఉన్నపళంగా బస్సెక్కుతానంది. నవత ఫోన్ చేస్తే సృజన్ వచ్చి, "మా చోట నడిచెటోళ్లు కావాలె తమ్మీ. రేపటి సీన్‌ల గుంపు ఉంది, నాకు రెండే కాళ్లున్నయ్" అన్నాడు. మర్నాడు పొద్దున ముందు ఆసుపత్రిలో డాక్టరును చూడాలని నిర్ణయమైంది.

వెళ్లేముందు నవత ఆగిపోయింది. అక్క వచ్చేలోపు ఇతనికి మళ్లీ అలా అనిపిస్తే? పన్నెండు పేజీల ఒప్పందం గుర్తొచ్చింది. రెండు నిమిషాలు గుర్తుంచుకుని, తర్వాత ఇడ్లీ చుట్టే కాగితం మీద నంబర్ మొత్తం రాసిచ్చింది.

"ఎవ్వరికి చూపెట్టొద్దు. ఇంక రిలీజ్ కాలే. సీక్రెట్."

"సాయం అడిగే నంబర్ సీక్రెట్ ఏందే?" అంది కొమురమ్మ. నవత ఆటో ఎక్కాక, ఆ కాగితం తీసుకుని బండి అద్దానికి, ఇడ్లీ వడ పూరీ అనే బోర్డు పక్కన, టేపు వేసి అంటించింది.

మర్నాడు పదింటికి ఫోన్ మోగింది. ఎత్తే నలుగురిలో ఇద్దరు భయపడి లేచి నిలబడ్డారు. పదకొండింటికి నాలుగు ఫోన్లూ మోగుతున్నాయి. లైట్‌మెన్లు, డాన్సర్లు, గుర్రాలు చూసుకునేవాళ్లు, కథ రాసుకుని తొమ్మిదేళ్లుగా వినిపించనివాళ్లు. రెండు రోజుల్లో నలభై ఒక్క కాల్స్. నవత సున్నాల పక్కన అంకెలు వేస్తూ, వేస్తూ, వేసిన ప్రతిసారీ గాజులు సవరించుకుంది. కృష్ణానగర్ నుంచే ముప్ఫై ఆరు. గది వచ్చేసింది. కుర్చీలు ఏ రంగువి కొనాలో కూడా ఆలోచించింది. పసుపు.

మూడో రోజు చైర్మన్ గారు ఆమెను పిలిపించారు. ముఖం పాలిపోయి ఉంది.

"లీక్ అయిందమ్మా."

"ఏం లీకైంది సార్?"

సాయిశ్రీనివాస్ తన ఫోన్లో ఫొటో చూపించాడు. ఇడ్లీ, వడ, పూరీ, నంబర్. "పైరసీ మేడమ్. రివీల్‌కి ముందే మొత్తం నంబర్ బయట పెట్టేశారు. పదికి పది అంకెలూ. హీరోగారి మేనేజర్ ఫోన్ చేసి ఒకటే అరుపులు."

"సార్, నలభై ఒక్క మంది ఫోన్ చేశారు. మన పట్టికలో ఉన్న వయసువాళ్లే, ఉన్న పేటవాళ్లే. పదకొండు మందిని డాక్టర్ల దగ్గరికి పంపాం. మీరు ముప్ఫై అన్నారు."

"అధికారికంగా విడుదల కాని నంబర్‌కు వచ్చిన కాల్స్‌ని కాల్స్ అనరమ్మా" అన్నారు చైర్మన్ గారు, ఓపికగా. "దొంగ ప్రింటు చూసినవాణ్ణి ప్రేక్షకుడు అంటామా?"

"ఆ నంబర్ లీక్ చేసింది నేనే సార్."

చైర్మన్ గారు ఆమె వైపు ఎంతో జాలిగా చూశారు. "కొత్తగా పెళ్లయింది. సంతోషంలో నోరు జారి ఉంటావు. క్షమించాను. సాయీ, లైన్ కట్ చేయించు. కొత్త నంబర్ తీసుకో."

అరగంటలో నంబర్ ఆగిపోయింది. సైబర్ పోలీసులు వచ్చి కొమురమ్మ బండి మీద కాగితం స్వాధీనం చేసుకున్నారు. చేసుకుని, రెండు ప్లేట్ల పూరీ తిన్నారు. అందులో ఒకాయన పక్కకు వచ్చి, ఆ నంబర్ ఇంకా పనిచేస్తుందా అని మెల్లగా అడిగాడని కొమురమ్మ తర్వాత చెప్పింది.

నవతకు పెళ్లయ్యాక మొదటిసారి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆ నలభై ఒక్క మందికీ తన సొంత ఫోన్ నుంచి తిరిగి ఫోన్ చేసింది. ఫోన్లు ఎత్తే నలుగురూ తమ సొంత ఫోన్లు తీశారు. అది ఒప్పందంలో ఏ పేజీలోనూ నిషేధించలేదు.

తొంభై తొమ్మిదో రోజున మండలి తుది నివేదిక తయారైంది. అధికారిక కాల్స్: సున్నా. కృష్ణానగర్ నుంచి: సున్నా. గది: అవసరం లేదు. నవత గీత ఉన్న పదిహేడో పేజీని 'ఇంటర్వెల్' అని రాసి తీసేశారు. నివేదిక కింద ఒక ఉత్తర్వు కూడా ఉంది: మండలి లక్ష్యం పూర్తిగా నెరవేరినందున, వందో రోజు సాయంత్రం ఆరు గంటలకు హెల్ప్‌లైన్ మూసివేయాలి, ఒక్క నిమిషం కూడా పొడిగించరాదు. కింద చైర్మన్ గారి సంతకం. నివేదిక చూసి పైవాళ్లు మరింత పెద్ద పదవి ఇస్తారని ఆయనకు గట్టి నమ్మకం. సంతకం కింద రెండు గీతలు కూడా గీశారు.

వందో రోజు పొద్దున పేపర్లో మండళ్ల కొత్త చైర్మన్ల జాబితా వచ్చింది. మనోధైర్య మండలి ఎదురుగా వేరే పేరు ఉంది. కాశీవిశ్వనాథం గారి పేరు ఏ మండలి ఎదురుగానూ లేదు.

కానీ హీరోగారి డేట్ ఆ రోజే దొరికింది. కనుక ఆఫీసు వెనక పచ్చిక మీద శత దినోత్సవం, నంబర్ రివీల్ ఒకేసారి జరిగాయి. షీల్డులు పంచారు. పొగ వచ్చింది. అయిదున్నరకు హీరో బటన్ నొక్కగానే ముప్ఫై అడుగుల తెర మీద కొత్త నంబర్ వెలిగింది. జనం ఈలలు వేసి, హీరోను ఫొటో తీసుకున్నారు. చైర్మన్ గారు మైకు అందుకుని, వంద రోజుల్లో ఒక్క కాల్ కూడా రాలేదనీ, మన దగ్గర ఎవరికీ ఆ అవసరమే పడలేదనీ ప్రకటించారు. దండలు మాత్రం ఆ రోజు కొంచెం తక్కువొచ్చాయి. ఆయన పక్కన నిలబడాల్సిన ముగ్గురు నాయకులు కొత్త చైర్మన్ గారి ఇంటికి వెళ్లారు.

రెండో అంతస్తులో ఫోన్ల ముందు నవత ఒక్కతే ఉంది. మిగతా నలుగురినీ చప్పట్లు కొట్టడానికి కిందికి పిలిపించారు. ఆరుకు పది నిమిషాలు తక్కువ. ఫోన్ మోగింది.

"చెప్పండి. వింటున్నా."

కిటికీలోంచి యాంకర్ గొంతు, జనరేటర్ మోత. రిసీవర్లో కూడా అదే యాంకర్ గొంతు, అదే జనరేటర్ మోత.

"మా ఫ్రెండ్ ఒకాయన గురించమ్మా."

"చెప్పండి సార్."

"నిద్ర పట్టడం లేదు ఆయనకి. రెండు నెలలైంది. నిన్నటిదాకా ఫోన్ ఆగకుండా మోగేది. పొద్దున పేపర్లో ఆయన పేరు లేదు. అప్పటి నుంచి ఒక్కరు... ఒక్కరు కూడా చేయలేదమ్మా." గొంతు తగ్గింది. "నేను ఎవరో నీకు తెలియదు కదా?"

"నేను అడగనండి. మీరున్నచోట ఎవరైనా ఉన్నారా?"

"రెండు వేల మంది ఉన్నారు."

"సరే. ఎక్కడికీ వెళ్లకండి. లైన్లోనే ఉండండి. సూటిగా ఒకటి అడుగుతాను, ఏం చెప్పినా నాకు ఫరవాలేదు" అని నవత, నవీన్‌ను అడిగిందే ఈసారి మెల్లగా అడిగింది. రిసీవర్లో జనరేటర్ మోత ఒక్కటే. దాన్నే ఆమె వింటూ కూర్చుంది.

తలుపు తెరుచుకుని సాయిశ్రీనివాస్ వచ్చాడు. చేతిలో ఉత్తర్వు, చంకలో షీల్డు. గడియారం చూసుకుని, ఫోన్ల తీగలన్నీ కలిసే ప్లగ్గు వైపు వంగాడు.

నవత కుర్చీ జరిపి ప్లగ్గుకు అడ్డంగా వేసుకుని కూర్చుంది. రిసీవర్ మీద అరచెయ్యి మూసింది.

"ఆగండి. లైన్లో మనిషి ఉన్నారు."

"ఎవరు మేడమ్?"

"పేరు చెప్పలేదు."

"అయితే కుదరదండీ. ఆరు దాటితే ఊరుకోరు. చైర్మన్ గారు స్వయంగా సంతకం పెట్టారు."